లాసన్స్ బే సర్వర్ కేసు: మోత ఒకచోట, రోగం ఇంకోచోట

నన్ను పిలిచింది మోత గురించే. "బాబూ, పడగ్గదిలో కంప్యూటర్ రాత్రిళ్లు నిద్రపోనివ్వట్లేదు, చప్పుడు చెయ్యని ఫ్యాన్లు ఏవో ఉంటాయట కదా, అవి వేసి వెళ్లు" అన్నారు ఫోన్లో మాస్టారు. ఫ్యాన్లు మార్చడం అరగంట పని. ఈ పని మాత్రం ఏప్రిల్లో మొదలై వానలు పడేదాకా సాగింది, ఆ తర్వాత కూడా ఒకసారి వెళ్లాల్సొచ్చింది, ఆ చివరిదానికి కారణం నేనే. మన విశాఖలో బీచ్ వైపు ఇళ్లలో సర్వర్ పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

ఇల్లు లాసన్స్ బే కాలనీలో, రెండో అంతస్తు, బాల్కనీలోకి వస్తే ఎదురుగా సముద్రం. మాస్టారు ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. సర్వర్ అంటే పెద్దదేం కాదు, మామూలు టవర్ క్యాబినెట్, పాత క్వాడ్‌కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్, రెండు 4 టీబీ హార్డ్ డిస్కులు, మూడు ఫ్యాన్లు. అందులో స్కాన్ చేసిన పాత ఫోటోలు, పిల్లల పెళ్లి వీడియోలు, ఆయన చేత్తో రాసుకున్న నోట్సుల పీడీఎఫ్‌లు. బరువు రెండున్నర టీబీ పైచిలుకు, విలువ అడక్కండి.

మొదటిసారి పగలు వెళ్లాను. శబ్దం కేసు పగలు చూడకూడదని తెలిసే వెళ్లాను, ఇసుకతోటలో ఇంకో పని ఉంది, దారిలోనే కదా అని. నెత్తిన సీలింగ్ ఫ్యాను, కింద బళ్లు, ఎదురుగా అలలు, వీటి మధ్య కంప్యూటర్ ఏం వినపడుతుంది? నేను నమ్మట్లేదని మాస్టారికి అనుమానం వచ్చినట్టుంది, "రాత్రి పదిన్నరకి రా, భోజనం ఇక్కడే" అన్నారు.

రాత్రి వెళ్లి ఏసీ, ఫ్యాను రెండూ ఆపించి, మొహమాటపడుతూనే ఆయన మంచం మీద, ఆయన తలగడ మీదే తల పెట్టి విన్నాను. నిలబడి వింటే ఒకటి వినిపిస్తుంది, పడుకునే చోట ఇంకోటి, ఎందుకంటే మంద్రస్థాయిలో గుమ్మనే శబ్దాలు గది మూలల్లో పోగవుతాయి. వినిపించింది ఫ్యాను గాలి చప్పుడు కాదు. గుమ్మ్ అని లేచి, మెల్లగా అణిగి, మళ్లీ గుమ్మ్. లెక్కపెడితే సరిగ్గా ఆరు సెకన్లకి ఒకసారి. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఒక్కో ఫ్యానునీ మధ్య బొడ్డు మీద వేలుతో నొక్కి ఆపి చూశాను. ఒకటి ఆపితే గరగర పోయింది, దాని బేరింగు ఎండిపోయింది, అది వేరే సంగతి. గుమ్మ్ మాత్రం పోలేదు. అప్పుడు క్యాబినెట్‌ని రెండు చేతులతో ఒక అంగుళం పైకెత్తాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కిందకి దించగానే మళ్లీ గుమ్మ్.

కింద ఉన్నది డొల్లగా ఉండే ప్లైవుడ్ టీవీ స్టాండు. వీణకి కుండ ఎలాగో, ఆ డిస్కులకి ఈ స్టాండు అలాగ. ఆ లేచి పడడం ఏమిటో చెబుదామని నేను నోరు తెరిచేలోపే మాస్టారు అందుకున్నారు, "విస్పందనాలు కదూ ఇవి!" అని, క్లాసులో ఉన్నంత ఉత్సాహంగా. నిజమే. దగ్గరదగ్గరి వేగాల రెండు అదుర్లు కలిస్తే వచ్చే హెచ్చుతగ్గులే విస్పందనాలు. 7200 ఆర్‌పీఎం డిస్కు అంటే సెకనుకి 120 చుట్లు, అంటే 120 హెర్ట్జ్ అదురు. రెండు డిస్కులూ ఒకే వేగం అని రాసి ఉన్నా రెండూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు. ఆరు సెకన్లకి ఒక ఊపు వస్తోందంటే రెండిటికీ నిమిషానికి పది చుట్ల తేడా, అంతే. ఒకే స్థాయిలో ఉండే శబ్దానికి చెవి అలవాటు పడుతుంది, లేచి పడే శబ్దానికి పడదు, రాబోయే గుమ్మ్ కోసం కాచుకుని కూర్చుంటుంది. మాస్టారికి నిద్ర పట్టనిది అందుకు.

ఆ రాత్రికి ఇంట్లో ఉన్న పాత హవాయి చెప్పు ఒకటి అడిగి, నాలుగు ముక్కలు కోసి క్యాబినెట్ కాళ్ల కింద పెట్టాను. ముప్పావు వంతు మోత అక్కడే పోయింది, ఖర్చు సున్నా. ఇలాంటి చోట కొందరు క్యాబినెట్ లోపల ఫోమ్ షీట్లు అంటిస్తారు. దానివల్ల ఈ రకం అదురు తగ్గదు సరికదా వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరుగుతాయి, డబ్బు పోయి మోత మిగులుతుంది.

చెప్పులేసుకుని మెట్లు దిగబోతుంటే మాస్టారు, "అన్నట్టు బాబూ, పొద్దున్నపూట ఒక్కోసారి రెండో డిస్కు కనపడదు, ఆపి వేస్తే వస్తుంది, ఇంతకుముందు చూసినతను డిస్కు పోయింది కొత్తది కొనమన్నాడు" అన్నారు. మోత గురించి నాలుగు నిమిషాలు మాట్లాడి ఇది మాత్రం గుమ్మంలో చెప్పడం! మన దగ్గరికొచ్చే కేసుల్లో అసలు విషయం ఎప్పుడూ గుమ్మంలోనే బయటపడుతుంది.

మర్నాడు స్మార్ట్ రీడింగులు తీశాను. హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చిట్టా అది, స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్రోగ్రాము పెట్టి చూడొచ్చు. డిస్కు నిజంగా చెడిపోతుంటే ముందుగా కదిలేవి 5, 197, 198 నంబర్లు: చెడ్డ సెక్టార్లు (డిస్కు మీద డేటా రాసే గడులు), చెడబోతున్న సెక్టార్లు. ఇక్కడ మూడూ సున్నా. కానీ 199 దగ్గర 1412 ఉంది. ఇది డిస్కు పళ్లేనికి సంబంధించింది కాదు, డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య కేబుల్లో డేటా ఎన్నిసార్లు పాడై వచ్చిందో ఆ లెక్క. అంటే డిస్కు శుభ్రంగా ఉంది, దారి బాగోలేదు. కొత్త డిస్కు కొని అదే కేబుల్‌కి తగిలించి ఉంటే నాలుగు రోజులకి అదీ "పోయేది".

సాటా కేబుల్ (డిస్కుని మదర్‌బోర్డుకి కలిపేది) పీకి టార్చి వేసి చూస్తే కాంటాక్టుల మీద తెల్లటి పొర. వెనక స్లాటు కవర్లు తుప్పు, స్క్రూ తలలు తుప్పు, ఆడియో జాక్ చుట్టూ ఆకుపచ్చ. ముందు ఫ్యాను మీద పేరుకున్న దుమ్ము పొడిగా రాలాలి కదా, ఇది తడి పిండిలా వేలికి అంటుకుంది. బీచ్ వైపు గ్రిల్లుకి ఏటా రంగు వెయ్యాలనీ, ఏసీ బయటి యూనిట్ తినేసి పోతుందనీ ఇక్కడ అందరికీ తెలుసు. కంప్యూటర్లో ఉన్నదీ ఇనుమూ రాగే అని మాత్రం తట్టదు.

అయినా నాకు ఒకటి మింగుడు పడలేదు. అదే అపార్ట్‌మెంటులో, అదే వరసలో, కింది ఫ్లాటులో నేనే పెట్టిన మిషను నాలుగేళ్లుగా నడుస్తోంది, తుప్పు ఉంది కానీ ఇంత లేదు. తేడా ఏమిటని ఆలోచిస్తూ కూర్చుంటే అమ్మగారు కాఫీ తెచ్చి, "పొద్దున్నే తులసమ్మకి నీళ్లు పొయ్యడానికి బాల్కనీ తలుపు తీస్తే చాలు, కళ్లజోడు మసకేసేస్తాది బాబూ, ఏం కనపడదు" అన్నారు, వేరే ఏదో మాటల్లో.

కాఫీ అక్కడ పెట్టి ఆవిడ రోజువారీ మొత్తం అడిగాను. రాత్రి పదింటికి మోత భరించలేక మాస్టారు సర్వర్ ఆపేస్తారు. ఏసీ 23లో పెట్టుకుని పడుకుంటారు. పొద్దున్న ఐదున్నరకి అమ్మగారు బాల్కనీ తలుపు బార్లా తీస్తారు, గాలి రావాలని. ఆరింటికి మాస్టారు సర్వర్ వేస్తారు. ఇంకేం కావాలి? ఆపేసి ఉన్న మిషను రాత్రంతా ఏసీలో చల్లబడి 23, 24 డిగ్రీల ఇనుప ముద్దగా కూర్చుని ఉంటుంది. ఏప్రిల్, మే తెల్లవారుజామున బయట గాలి 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకుంటే దాని డ్యూ పాయింట్ 25 డిగ్రీల పైనే. అంతకన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీరు పడుతుంది: ఆవిడ కళ్లజోడు మీదా, సర్వర్ లోపల ప్రతి కాంటాక్టు మీదా. పైగా సముద్రపు గాలిలో ఉప్పు ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీరు లాక్కుని కరుగుతుంది, వర్షాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చడం చూసే ఉంటారు. ఆ తడి ఆరకముందే, ఆరింటికి, కరెంటు వేస్తున్నారు.

కింది ఫ్లాటు మిషను ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది. తేడా అదొక్కటే. నడిచే మిషను గది కన్నా ఏడెనిమిది డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. అదే 28 డిగ్రీల 85 శాతం గాలి లోపలికెళ్లి 36కి వేడెక్కితే తేమ శాతం 54 దగ్గరకి పడిపోతుంది, గాలిలో నీరు అంతే ఉన్నా సరే. ఉప్పు పొడిగా ఉంటుంది, పొడి ఉప్పు దాదాపు ఏమీ చెయ్యదు. మనవాళ్లు "పాపం దానికీ రెస్టు ఇవ్వాలి" అని రాత్రి ఆపుతారు. సముద్రం పక్కన ఆ రెస్టే దాన్ని తినేస్తోంది. అంటే వరస ఇదీ: మోత వల్ల ఆపారు, ఆపడం వల్ల తడిసింది, తడవడం వల్ల డిస్కు మాయమైంది. మోత తగ్గించడం ఇక సౌఖ్యం కోసం కాదు, డేటా కోసం.

మాస్టారు ఊరికే ఒప్పుకునే రకం కాదు, రుజువు అడిగారు. నాలుగొందలు పెట్టి చిన్న డిజిటల్ తేమ మీటరు కొని క్యాబినెట్ లోపల పెట్టాం. రెండు రోజులు పొద్దున్నే తలుపు తీసిన పావుగంటకి ఆయనే చూశారు. రెండోరోజు ఫోన్ చేసి, "మీటరు సంగతి సరే, టిష్యూ కాగితంతో లోపలి రేకు తుడిచా, కాగితం తడిసింది" అన్నారు. ఇక వాదన లేదు.

ముందు కాపీ. రెండో డిస్కు ఎప్పుడు మాయమవుతుందో తెలియనప్పుడు దేన్నీ ముట్టుకోకూడదు. మొత్తం డేటా ఒక యూఎస్‌బీ డిస్కు మీదకి తీశాం, ఆరేడు గంటలు పట్టింది, ఆపైన రెండు కాపీలూ అచ్చంగా ఒకటేనా అని చెక్‌సమ్‌లు పోల్చాం. ఈ పని విసుగనిపిస్తుంది, అయినా ఎప్పుడూ ఎగ్గొట్టను.

తర్వాత చోటు మార్చాను. పడగ్గది వద్దు, ఏసీ ఉన్న ఏ గదీ వద్దు, బాల్కనీకి ఎదురుగా వద్దు, వంటింటి నూనె పొగ తగిలే చోటు వద్దు. మిగిలింది హాలుకీ పూజగదికీ మధ్య లోపలి గోడకున్న అలమర. పాత ఇళ్లలోలా దాని అరలు కడప రాయివి. అంతకన్నా మంచి సర్వర్ స్టాండు డబ్బు పెట్టినా దొరకదు: బరువైనది, గోడలో పాతుకుని ఉన్నది, 120 హెర్ట్జ్‌కి ఉలకదు పలకదు. అలమర తలుపు కింద నాలుగంగుళాలు, పైన నాలుగంగుళాలు కోయించి జాలీ వేయించాం, గాలి కింద నుంచి వచ్చి పైనుంచి పోవడానికి.

మిషను విషయానికొస్తే, పాత బోర్డు ఇంకా బతికే ఉంది కానీ వదిలేశాను. ఖాళీగా కూర్చుంటేనే గోడ ప్లగ్గు దగ్గర కొలిస్తే 68 వాట్లు తినేది, ఆ వేడిని పంపడానికే ఆ మూడు ఫ్యాన్లు. దాని బదులు ఇంటెల్ ఎన్100 ఉన్న చిన్న బోర్డు. నాలుగు కోర్లు, 6 వాట్ల చిప్పు, ప్రాసెసర్ మీద ఫ్యానే అక్కర్లేదు. 16 జీబీ మెమరీ ఒకటే స్టిక్, సిస్టమ్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీ, పాత డిస్కులు రెండూ అవే. కొత్తవి కొనిపించలేదని ద్వారకానగర్లో మా షాపాయన నన్ను వింతగా చూశాడు. డిస్కులతో కలిపి ఇప్పుడు 24 వాట్లు. పాతది రోజుకి పదహారు గంటలు నడిచి నెలకి 32 యూనిట్లు పైన కాల్చేది, ఇది రోజంతా నడిచి 17. "ఇరవైనాలుగు గంటలా? బిల్లో?" అన్న అమ్మగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను.

పూర్తిగా ఫ్యాను లేకుండా ఎందుకు చెయ్యలేదంటే, ఒకసారి చేసి చేతులు కాల్చుకున్నాను. పెదవాల్తేరులో ఒక స్నేహితుడికి ఫ్యానే లేని పెట్టె కట్టిచ్చా, ప్రాసెసర్ బ్రహ్మాండంగా ఉంది, మే నెలలో డిస్కులు 54 డిగ్రీలకి వెళ్లాయి. నెమ్మదిగా తిరిగే ఒక్క ఫ్యాను చాలు, కానీ ఆ ఒక్కటి ఉండాలి. ఇక్కడ 120 ఎంఎం, ఫ్లూయిడ్ బేరింగ్ ఉన్నది, డిస్కుల ఎదురుగా, ముందు దుమ్ము జాలీతో. ఒకేలాంటి రెండు ఫ్యాన్లలో ఒకటి తీసేస్తే తగ్గేది 3 డెసిబెల్సే, అదే ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే 15 దాకా పడిపోతుంది. కాబట్టి పెద్ద ఫ్యాను, తక్కువ వేగం. వేడిని బట్టి వేగం మారేలా పెట్టమని అందరూ చెబుతారు, నేను 650 ఆర్‌పీఎం దగ్గర కట్టేసి, డిస్కు 45 దాటితేనే పెరిగేలా పెట్టాను. ప్రతి రెండు నిమిషాలకీ లేచి పడే ఫ్యాను కూడా ఆ గుమ్మ్ లాంటిదే, చెవి దాన్ని వదలదు. మే చివర్లో కూడా డిస్కులు 42 దాటలేదు.

కాంటాక్టులన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, కేబుళ్లు కొత్తవి, క్లిప్పు ఉన్నవి. మన దగ్గర మెమరీ స్టిక్కు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు ఉంది. పని జరుగుతుంది కానీ ఆ బంగారు పూత వెంట్రుకవాసి కన్నా చాలా పలుచన, రెండుమూడు సార్లకి అరిగి కింద లోహం బయటపడితే మన గాలికి అది ఎన్నాళ్లో ఆగదు. సిలికా జెల్ పొట్లాలు పెట్టమని కూడా కొందరంటారు. గాలి ఆడే పెట్టెలో అవి ఒక పూటకి నిండిపోతాయి, దండగ.

సిస్టమ్ డెబియన్ 12 (ఒక లినక్స్ రకం), డిస్కులు రెండూ జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (ఒకే డేటా రెండిటి మీదా ఉంటుంది), నెలకోసారి స్క్రబ్, అంటే మొత్తం డేటా చదివి సరిచూసుకోవడం. మిర్రర్ అంటే బ్యాకప్ కాదని మాస్టారికి చెప్పడానికి పెద్దగా కష్టపడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ బాల్కనీ అద్దాలు పగిలి గదిలోకి నీళ్లొచ్చాయట. ఒకే గోడలో ఉన్న రెండు డిస్కులూ ఒకేసారి తడుస్తాయి. అందుకే ఆ యూఎస్‌బీ డిస్కు ఇప్పుడు సీతమ్మధారలో వాళ్లమ్మాయి ఇంట్లో ఉంటుంది, నెలకోసారి ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని తెస్తుంది, సాయంత్రానికి కొత్త కాపీతో వెనక్కి.

కరెంటు గురించి ఒక్కమాట. ఇంటి ఇన్వర్టర్ మీద వేస్తే పవర్ సప్లయ్ జుయ్‌మని అరిచేది, పాతకాలం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అది. కరెంటు పోగానే మోత మొదలైతే మనం చేసిందంతా బూడిదలో పోసినట్టే. చిన్న సైన్ వేవ్ యూపీఎస్ పెట్టి, ఐదు నిమిషాలు దాటితే సర్వర్ తనే పద్ధతిగా ఆగిపోయేలా, కరెంటు రాగానే తనే లేచేలా బోర్డు సొంత సెట్టింగులైన బయాస్‌లో సెట్ చేశాను. ఈ రెండోది మర్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ మిషను ఆపేసి ఉండి, మళ్లీ పాత కథే.

ఇక నా తప్పు. డిస్కుల అదురు రేకుకి తగలకుండా ఉండాలని వాటిని పూర్ణా మార్కెట్లో కొన్న పైజామా ఎలాస్టిక్‌తో వేలాడదీశాను. మొదటి వారం నాకే ముచ్చటేసింది, అలమర తలుపు మీద చెవి ఆనించినా డిస్కు వినపడేది కాదు. 199 నంబరు డిస్కు చిట్టాలో ఎప్పటికీ సున్నా అవదు, పెరగడం ఆగిందా లేదా అనేదే చూడాలి. అందుకని అలమర తలుపు లోపల ఒక కాగితం అతికించి, నెలకోసారి స్క్రబ్ అయ్యాక ఆ నంబరు రాయమని మాస్టారికి చెప్పాను, ఎలాగూ ఆయనకి రీడింగులు రాసుకోవడం ఇష్టం. మే నుంచి డిసెంబరు దాకా 1412, 1412, అలాగే ఉంది. జనవరిలో ఫోన్ చేశారు: "ఏడు పెరిగింది."

వెళ్లి చూస్తే ఎలాస్టిక్ ఆ వెచ్చదనానికి ఎనిమిది నెలల్లో సాగి జీవం పోయింది, రెండో డిస్కు ఒకవైపు ఒరిగి తన బరువంతా సాటా కేబుల్ మీద మోపి కూర్చుంది. ఇంకో నెల ఆగితే కనెక్టర్ విరిగేది. ఎలాస్టిక్ తీసిపారేసి మెత్తటి రబ్బరు వలయాలున్న (గ్రొమెట్లు) ట్రే వేసి బిగించాను. చెవి ఆనిస్తే ఇప్పుడు కొంచెం వినపడుతుంది. ఎవరూ చెవి ఆనించరు.

మూడు నెలలకోసారి ముందు జాలీ పంపు కింద కడిగి ఆరబెట్టాలి, లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోవాలి, లేకపోతే ఆ గాలికి పిచ్చివేగంతో తిరిగి బేరింగు పోతుంది. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకి మార్చాలి, కొన్న తేదీ స్కెచ్ పెన్నుతో దాని నెత్తినే రాశాను. మొన్న జాలీ కడగడానికి వెళ్లినప్పుడు ఆ కాగితం చూశాను. పెన్సిల్‌తో ఎనిమిది సార్లు 1412, దాని కింద ఎర్ర పెన్నుతో 1419, పక్కనే "ఎలాస్టిక్" అని చిన్న అక్షరాలతో, ఆ కింద మళ్లీ పెన్సిల్‌తో 1419, 1419, 1419, 1419.